కారులో పసుపునీళ్లు

ఆ ఏడు ఫిబ్రవరిలో మా కారు మొట్టమొదటిసారి శుభ్రంగా తిరిగొచ్చింది. మా ఇంట్లో భయం మొదలైంది ఆ రోజే.

నంద్యాలలో అప్పటికి సొంత కార్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. మాది నల్ల మోరిస్. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, అక్కడినుంచి బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర మా ఆయన పాతదే కొన్నాడు. మొగుడి పేరు చెప్పకూడదంటారు గానీ కథ చెప్పాలంటే తప్పదు. మా ఆయన పేరు పాండురంగయ్య. పత్తి వ్యాపారం. సెట్టి కారు కొన్నది తిరగడానికి కాదు, కడగడానికి అని బజారులో నవ్వుకునేవాళ్లు. అది అబద్ధమేమీ కాదు.

ఆదివారం తెల్లారితే ఆయనది వేరే లోకం. మా బావి నీళ్లు ఉప్పన. అవి ఆరితే నల్లరంగు మీద తెల్లటి మచ్చలు నిలుస్తాయని కాలువ నీళ్లు బిందెలతో తెప్పించేవాడు. పంచె ఎగ్గట్టి, పైనుంచి కిందికి, ఒక్క దిక్కుకే గుడ్డ లాగుతూ కడిగేవాడు. గుండ్రంగా రుద్దితే గీతలు పడతాయట. ముందరి మెరుపు కడ్డీలకు విబూది, అద్దాలకు నీళ్లలో కాసిని చుక్కల కిరసనాయిలు, తలుపు సందుల్లోకి దూది చుట్టిన వేపపుల్ల. చివర మద్రాసు నుంచి తెప్పించిన మైనం రాసి మెత్తటి పాత పంచె ముక్కతో తోమేవాడు. ఆయన లేచాక ఆ తలుపులో చూసుకుని నేను బొట్టు దిద్దుకునేదాన్ని.

మా అత్త సుబ్బరత్నమ్మ అరుగు మీద కూర్చుని చూసేది.

“చూడవే అహల్యా,” అనేది. “ఇద్దరు బిడ్డల్ని కంటివి. ఒక్కనాడన్నా ఒక్కదాని ముడ్డి కడిగిండాడా వీడు? దీని ముడ్డి చూడు ఎట్ల కడుగుతాండాడో.”

“ఇది తిరిగి మాట్లాడదు కదమ్మా,” అనేవాడు ఆయన తల ఎత్తకుండా.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్లయినా నిండకముందే ప్రభుత్వం పడిపోయి, ఎన్నికలొచ్చాయి. ఆళ్ళగడ్డ దగ్గర శేషయ్య అని ఒక పెద్ద రైతు ఉండేవాడు. తాను నిలబడలేదు, తన మనిషిని నిలబెట్టాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ల పత్తి ఆయన నోటిమాట మీద కదిలేది. ఆ పత్తే మా ఇంటి అన్నం. జనవరిలో ఒకరోజు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

“కారు కావల్లప్పా సెట్టీ. ఓట్లు అయ్యేదాంక.”

మా ఆయన కారు వైపు చూశాడు, నా వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. “తీస్కపో అన్నా. ఆదివారం మాత్రం నాకు కావల్ల.”

“ఆదివారం ఏం చేస్తావు? తిరుపతి పోతావా?”

“కడుక్కుంటా.”

శేషయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. అట్లా నవ్వే మనిషంటే భయపడాలని నాకు అప్పుడు తట్టలేదు.

శేషయ్య దగ్గర మద్దిలేటి అని డ్రైవరు ఉండేవాడు. శనివారం శనివారం కారు తెచ్చి అప్పజెప్పేవాడు. తెచ్చినప్పుడు దాన్ని చూస్తే ఏడుపొచ్చేది. కింద బీడీ ముక్కలు, శనక్కాయ పొట్టు, సీటు సందుల్లో గోడకు అంటించే కాగితాలు, తలుపుకు ఎవరో ఊసిన వక్కాకు. మా ఆయన వాళ్ల తాతముత్తాతలను తిట్టుకుంటూనే ఎంతో ఇష్టంగా కడిగేవాడు. “అంత మురికి కడిగితేనే కడిగినట్టు” అనేవాడు కూడా.

పోలింగు ముందటి శనివారం మధ్యాహ్నం కారు వచ్చి నిలబడింది. దుమ్ము లేదు, బీడీ లేదు, వక్కాకు మరక లేదు. నీళ్లు ఇంకా తలుపు అంచున కారుతున్నాయి.

మా ఆయన సంతోషించలేదు. సొంత బిడ్డకు పక్కింటివాళ్లు తల దువ్వితే తల్లి చూసినట్టు చూశాడు.

“ఎవురు కడిగినారు మద్దిలేటీ?”

“నేనే సెట్టీ. నీకు పని తగ్గుతాదని.” మద్దిలేటి అరుగు చివర కూర్చుని నేనిచ్చిన మజ్జిగ తాగుతున్నాడు.

“గోనెసంచితో రుద్దినావా ఏంది? చూడు, పిల్లి రక్కినట్టుండాది. వెనక సీటు మింద తెల్లగుడ్డ ఏదీ?”

“మాసిపోతే చాకలికేసినా.”

మా ఆయన తల లోపలికి పెట్టాడు. కాసేపటికి ఆయన గొంతు లోపలినుంచి వినిపించింది. “పైన ఇదేందప్పా? పసుపా?”

మద్దిలేటి లోటా దించాడు. “పూజ చేసినాం సెట్టీ. గెలవల్లని.”

“పూజ చేస్తే ముందర బొట్టు పెడతారు. చక్రాల కింద నిమ్మకాయ పెడతారు. లోపలి కప్పుకు చల్లే పూజ యాడ నేర్చినావురా సామీ?” మా ఆయన గట్టిగా నవ్వాడు.

మద్దిలేటి నవ్వలేదు. మజ్జిగ సగం మిగిలే ఉంది. లోటా కింద పెట్టి, కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తాళంచెవి నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి పోయాడు.

ఆదివారం పొద్దున మా ఆయన మొదట పట్టుకున్నది ఆ లోపలి కప్పునే. లేత బూడిదరంగు గుడ్డ, దాని మీద పసుపు చినుకులు. బట్టల సబ్బు నురగ చేసి గుడ్డతో అద్దాడు.

“అహల్యా!” అని కేక పెట్టాడు.

పరుగెత్తాను. పసుపు చినుకులన్నీ ఎర్రబడిపోయాయి. తల పైకెత్తి చూస్తే కప్పంతా నెత్తురు చిందినట్టు ఉంది. ఆయన చేతిలో గుడ్డ కూడా ఎర్రగా ఉంది.

“పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడదా?” నేను నవ్వాను. “పారాణి ఎట్లయితాది మరి? ఇంత వయసొచ్చినా తెలీదా మీకు?”

మా అత్త అరుగు దిగి వచ్చింది. నన్ను పక్కకు జరిపి తల లోపల పెట్టింది. చాలాసేపు చూసింది. సీటు మీద అరచెయ్యి పెట్టి, ఆ చెయ్యి వాసన చూసుకుంది.

“ఆకుతో చల్లినారు,” అంది. “చూడు, చినుకులు ఒక్క వరసన పోయినాయి. పైన, సీటు మింద, కింద కాళ్ల కాడ. ముందరి పక్క లేవు. వెనకే. మీ నాయన పోయినప్పుడు ఇంట్లో ఇట్లనే చల్లింటిమి కదరా.”

మా ఆయన గుడ్డ పిండడం ఆపేశాడు.

“దీంట్లో పీనుగను మోసినారు,” అంది మా అత్త. “పీనుగ ఎక్కిన బండిని పసుపునీళ్లు చల్లకుండా తోలితే అది ఇంగో పాణం అడుగుతాదంటారు. ఆ భయానికి చల్లినారు.”

“ఎవురన్నా రోగమొచ్చి పోయుంటారులేమ్మా. ఆస్పత్రికి తోలకపోతాంటే దావలో పోయుంటారు.”

“అట్లయితే మద్దిలేటి పూజ అని ఎందుకు చెప్పినాడు?” అన్నాను నేను.

ఆయన వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు. కొంచెంసేపటికి చేతిలో ఏదో గడ్డ పట్టుకుని బయటికొచ్చాడు. చక్రాల పైరేకుల లోపల ఎండి అతుక్కున్న బురద. మా దిక్కు రేగడిలా నల్లగా లేదు, ఆళ్ళగడ్డ కొండపక్క గరుసులా ఎర్రగా లేదు. సున్నం కలిసిన బూడిదలా ఉంది. దాన్ని వేళ్ల మధ్య నలిపాడు.

“పైన కడిగినారు, కింద కడగలేదు. ఇది నాపరాయి పిండి. మన ఇంటికి రాళ్లు తెచ్చేదానికి నేనే పోయింటి గదా. కోవెలకుంట్ల దాటినాక పాత గుంతలుండాయి. రాయి కొట్టేసి వదిలేసినవి. నీళ్లు నిలిచింటాయి. ఆడికి ఎద్దులు కూడా పోవు. ఓట్లడిగేదానికి మనుషులు యాడుండారు ఆడ?”

ఆయన అట్లాగే నేలమీద కూర్చుని ఉండిపోయాడు. తర్వాత మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

“నిన్న నేను మద్దిలేటిని ఆ పసుపు గురించి నవ్వుతా అడిగితినే.”

సోమవారం కారు తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. పోలింగు దగ్గర పడ్డాక, ఒక్కో కారుకు పదిమంది పోటీపడే వారంలో, మా కారు మా వాకిట్లోనే ఉంది. అడగనైనా ఎవరూ రాలేదు.

ఆ సాయంత్రం మా ఆయన బజారు నుంచి వార్త తెచ్చాడు. ఆళ్ళగడ్డలో సుందరరాజు అని మిషన్ బడి పంతులు. శేషయ్యకు ఎదురు పక్షం తరఫున పోలింగు ఏజెంటు. గురువారం నుంచి కనపడడం లేదు. “అవతలోళ్లే దాచిపెట్టి డ్రామా ఆడుతాండారని శేషయ్య అంటాండాడంట” అని చెప్పి, అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచిపోయాడు.

మంగళవారం ఎండవేళ గేటు దగ్గర ఒకామె నిలబడింది. తెల్ల నూలు చీర, చేతిలో గుడ్డసంచి. బస్సు దిగి నడిచి వచ్చినట్టు కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము.

“సామీ, నా పేరు దానమ్మ. సుందరరాజు సారు పెండ్లాన్ని,” అంది.

మా ఆయన అరుగు మీదే ఉన్నాడు. లేవబోయి కూర్చున్నాడు.

“గురువారం పొద్దున మా సారు బడికి పోతాంటే కారు వచ్చి నిలబడె. ఎక్కు సారూ, బడి కాడ దింపుతాం అన్నారు. మా సారు పుట్టినాక కారు ఎక్కిండలేదు సామీ. ఎక్కి కూర్చోని నాకు చెయ్యి ఊపినాడు, చిన్నపిల్లోని మాదిరి. నేను ఆయన మొగం చూద్దామని చూస్తే తలుపులో నా మొగమే కనపడె. అంత మెరుస్తాండె కారు.”

ఆమె ఏడవడం లేదు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది. ఎన్నిచోట్ల చెప్పి వచ్చిందో.

“టేసన్లో రాసుకోమంటే, నల్ల కార్లు శానా ఉంటాయి పోమ్మా అన్నారు. అట్ల మెరిసే కారు ఎవురిదని బస్సులోళ్లని అడిగితి. ఎవుర్నడిగినా నీ పేరే చెప్పిరి సామీ.”

ఆ మాట ఇంకోరోజు వినుంటే మా ఆయన వారం రోజులు మీసం దువ్వుకునేవాడు. ఇప్పుడు పైపంచె తీసి మొహం తుడుచుకున్నాడు.

“మా కారు వాకిట్లోనే ఉండాది తల్లీ,” అన్నాడు. “వారం పొద్దులాయ, బయటికి తీయలేదు. నువ్వు చూసింది ఇంగోటేమో.”

ఆమె తల తిప్పి కారు వైపు చూసింది. అక్కడినుంచే దాని తలుపులో ఆమె తెల్లచీర కనబడుతోంది. మా ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు.

“కొంచెం నీళ్లు పోస్తావామ్మా?” అని అడిగింది నన్ను.

చెంబుతో నీళ్లు తెచ్చాను. మా ఇళ్లల్లో అప్పటి పద్ధతి, బయటి కులాలవాళ్లకు చెంబు చేతికివ్వం. పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగుతారు. ఆమె మెట్టు కింద వంగి దోసిలి పట్టింది. నేను మెట్టు మీద వంగి పోశాను. మా తలలు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఆమె పాపిట్లోని దుమ్ము కూడా నాకు కనబడుతోంది.

“కోవెలకుంట్ల దాటినాక నాపరాయి గుంతలుండాయి,” అన్నాను. “పాతవి. నీళ్లుండేవి చూడండి.”

ఆమె తాగడం ఆపింది. తల ఎత్తలేదు. నేను చెంబు ఎత్తలేదు. నీళ్లు దోసిలి నిండి, ముంజేతుల మీదుగా మోచేతుల దాకా కారి నేలమీద పడ్డాయి. చెంబు ఖాళీ అయ్యేదాకా అట్లాగే ఉన్నాం.

“చాలమ్మా,” అని కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

లోపలికి వస్తుంటే తలుపు చాటున మా అత్త. “శానాసేపు పోస్తివే నీళ్లు,” అంది. అంతకుమించి ఏమీ అడగలేదు.

బుధవారం సుందరరాజు దొరికాడు. దానమ్మ వాళ్ల చర్చి మనుషులు తాళ్లూ కొక్కేలూ తీసుకుని పోయారట. కాలు జారి పడి ఉంటాడని పోలీసులు అన్నారు. బడిపంతులు ఊరు దాటి, అంత దూరం పోయి, ఆ గుంతలో ఎందుకు జారాడో వాళ్లను ఎవరూ అడగలేదు. శవాన్ని నంద్యాల ఆస్పత్రికి తెచ్చారు.

గురువారం పొద్దున్నే శేషయ్య వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు. వాళ్లు గేటు దగ్గరే నిలబడ్డారు. ఆయన మామూలుగానే అరుగు మీద కూర్చుని కాఫీ అడిగాడు. నేనిస్తే “చక్కెర బాగేసినావమ్మా” అన్నాడు.

“ఏం సెట్టీ, ఈ వారం కారు కడగలేదా?”

“కడిగితినన్నా.”

“లోపల గూడా?”

“లోపల గూడా.”

“నీ మాదిరి కడిగేటోడు జిల్లాలోనే లేడంటారప్పా. మద్దిలేటి చెప్పినాడు, నీ కంటికి కనపడంది ఉండదంట.” కాఫీ చప్పరించాడు. “ఆ పంతులు పెండ్లాం చూడు, ఎట్ల పట్టిందో ఏమో. ఆ గుంతల కాడికి గొర్రెలు గూడా పోవు. నేరుగా పోయి తాడేసిందంట. ఎవురన్నా చెప్పకుంటే తెలుస్తాదా?”

“దేవుడు చెప్పింటాడు,” అంది మా అత్త గడప లోపలినుంచి. “వాళ్లకు దేవుడు మాట్లాడతాడంట కదా నాయనా.”

శేషయ్య తల తిప్పి ఆమె వైపు చూసి నవ్వాడు. ఈసారి పొట్ట పట్టుకోలేదు.

“రేపు పోలింగుకు కారు కావల్ల. మద్దిలేటికి ఒళ్లు బాగలేదు. నువ్వే తోలుకరా సెట్టీ. పొద్దున్నే రా. మనుషులెవురూ వద్దు, ఒక్కనివే రా. అయిపోయినాక నిన్ను నేనే సాగనంపుతా.”

“అట్లనే అన్నా,” అన్నాడు మా ఆయన.

వాళ్లు వీధి మలుపు తిరిగాక ఆయన నా వైపు చూశాడు.

“నువ్వే చెప్పినావా?”

“అవును.”

తిడతాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను. ఆయన అరుగు మీదినుంచి దిగి కారు దగ్గరికి పోయి, వెనక తలుపు తీసి, లోపలి కప్పు వైపు చాలాసేపు చూశాడు. ఆ గుడ్డ చింపి కొత్తది వేయిద్దామని రెండు రోజులుగా అంటున్నాడు. దర్జీతో మాట్లాడాడు కూడా.

“ఆయమ్మ ఇప్పుడు యాడుండాది?” అని అడిగాడు.

“ఆస్పత్రి కాడే ఉందంట.”

తలుపు మెల్లగా మూశాడు. చప్పుడు కాకుండా మూయడం ఆయనకు అలవాటు.

శుక్రవారం వెలుతురు రాగానే లేచి కారు కడిగాడు. ఆదివారం కాని రోజు ఆయన కడగడం అదే మొదలు. మైనం రాసి, చెమటలు కారేలా తోమాడు. లోపలి కప్పును, చక్రాల పైరేకుల లోపల మిగిలిన బురదను మాత్రం ముట్టుకోలేదు.

“ఇప్పుడెందుకండీ ఇంత?” అన్నాను.

“మెరవల్ల. యాడికి పోయినా ఇది ఎవురి కారో అందురికీ తెలియల్ల. తెలిసినంతసేపు మనల్ని ముట్టుకోరు.”

పిల్లలను ఎదురింట్లో వదిలిపెట్టి నేను ముందర కూర్చున్నాను. వద్దని ఆయన అనలేదు. తీరా చూస్తే మా అత్త పట్టుచీర కట్టుకుని వెనక తలుపు లాగుతోంది.

“నువ్వేందమ్మా?”

“ముసిల్దాన్ని వెనక కూర్చోబెట్టుకోని పోయేటోన్ని ఎవురేం పీకుతారో చూద్దామని. తియ్యిరా తలుపు. ఇన్నేండ్లు కడుగుతాంటే చూడ్డమే గానీ ఒక్కనాడన్నా ఎక్కిచ్చినావా?”

ఆస్పత్రి దగ్గర దానమ్మ చెట్టు కింద కూర్చుని ఉంది. మా కారును చూసి లేచి నిలబడింది. ఆళ్ళగడ్డలో పోలింగు దగ్గరికి కర్నూలు నుంచి మేజిస్ట్రేటు వస్తున్నాడని, ఆయన ముందర తాను వాంగ్మూలం ఇస్తానని, వస్తావా అని మా ఆయన ఆమెను అడిగాడు. పేరు పెట్టి అడగలేదు, మొహం చూసి అడగలేదు, స్టీరింగు వైపు చూస్తూ అడిగాడు. ఆమె సంచి తీసుకుని వచ్చింది గానీ తలుపు దగ్గర ఆగిపోయింది.

“రా తల్లీ,” మా అత్త పక్కకు జరిగింది. “రా, కూర్చో. దారి దూరం.”

ఇద్దరి భుజాలూ తగులుతూ కూర్చున్నారు. నేను వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగాను.

కొంచెం దూరం పోయాక దానమ్మ తల ఎత్తింది. “ఇదేందమ్మా ఎర్రగా?”

“పసుపమ్మా. నెత్తురు కాదు. సబ్బు తగిలి ఎర్రబడింది.” మా అత్త తానూ పైకి చూసింది. “పోయినోళ్ల కోసం చల్లుతారు మాలో. తప్పు చేసినోళ్లే చల్లినారు, భయపడి.”

సిరివెళ్ల దాటేదాకా దానమ్మ ఆ కప్పు వైపే చూస్తూ కూర్చుంది.

ఆళ్ళగడ్డలో పోలింగు జరిగే బడి ముందు జాతరలా ఉంది. ఎడ్లబండ్లు, పంచెల మనుషులు, కర్రలు. మా కారు మెల్లగా దూరితే జనం రెండుపక్కలా చీలారు. చీలినవాళ్లు వంగి లోపలికి చూశారు. చూసినవాళ్లు పక్కవాళ్లను పొడిచారు. పంతులు ఎక్కిన కారు అదేనని చాలామందికి తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది. వాళ్లంతా ముందటి వారం గురువారం చూశారు. చూసి ఊరుకున్నారు.

చప్పుడు తగ్గిపోయింది. పందిరి కిందినుంచి శేషయ్య లేచి వచ్చాడు. వెనక సీటు కిటికీలోంచి లోపలికి వంగి చూశాడు. ముందు దానమ్మను, తర్వాత మా అత్తను.

“ఏందమ్మా, నీకు ఈడ ఓటు లేదు కదా?”

“ఓటెందుకు నాయనా. కారెక్కల్లని సరదా పుట్టింది, వస్తి.”

మా ఆయన తలుపు తీసుకుని దిగాడు. దానమ్మ దిగింది. ఇద్దరూ బడి మెట్ల వైపు నడిచారు. ఆయన పంచె అంచు ఇంకా తడిగానే ఉంది. కర్రల మనుషులు శేషయ్య మొహం వైపు చూశారు. శేషయ్య జనం వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. నేను ఆ తడి అంచునే చూస్తూ కూర్చున్నాను. అది మెట్లెక్కి గుమ్మంలోకి పోయింది.

వాళ్లు బయటికి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మేజిస్ట్రేటు మనుషులు వచ్చి కారు లోపలంతా చూసి, కప్పు గుడ్డను కోసి తీసుకున్నారు. చక్రాల లోపలి బురదను కాగితంలో పొట్లం కట్టారు. శేషయ్య పందిరి కిందే కూర్చుని అంతా చూశాడు. మేం బయల్దేరేటప్పుడు మళ్లీ వచ్చాడు. కారు ముందు రేకు మీద చూపుడువేలు పెట్టి ఒక గీత గీశాడు. ఆ వేలు చూసుకున్నాడు.

“దుమ్ము పట్టినాదే సెట్టీ,” అన్నాడు. “ఇంటికి పోయి కడుక్కో. ఆదివారం ఆదివారం కడుక్కుంటావు గదా.”

మద్దిలేటిని ఆ వారమే పట్టుకున్నారు. పాత కక్షతో తానే చేశానన్నాడు. ఇంకెవరి పేరూ చెప్పలేదు. అతనికి శిక్ష పడింది. శేషయ్య మీద కేసు నిలవలేదు. దానమ్మ తన మనిషిని క్రైస్తవుల సమాధుల తోటలో పూడ్చుకుని, పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ వేసవిలో ఆళ్ళగడ్డ దిక్కునుంచి మా అంగడికి ఒక్క బండి పత్తి రాలేదు.

పోలింగు అయిన తర్వాతి ఆదివారం ఆయన మామూలుగానే బిందెలు పెట్టుకున్నాడు. కడిగాడు, మైనం రాశాడు, లోపలికొచ్చి స్నానం చేశాడు. నేను బయటికి పోయి చూస్తే, కారుకు ఇంటివైపు పక్క అద్దంలా ఉంది. గేటు వైపు పక్క ఆళ్ళగడ్డ దుమ్ము అట్లాగే ఉంది. మరిచిపోయాడేమో అనుకున్నాను. మరుసటి ఆదివారమూ అంతే. ఆ పక్క కడగాలంటే గేటుకు వీపు పెట్టి వంగాలి.

ఇంకో ఆదివారం నేను పీట తెచ్చి, కారుకూ గేటుకూ మధ్య వేసుకుని, వీధి వైపు మొహం పెట్టి కూర్చున్నాను. ఒళ్లో చాటతో కందిపప్పు పెట్టుకున్నాను, రాళ్లు ఏరుతున్నట్టు. చాలాసేపు నా వెనక ఏ చప్పుడూ లేదు. తర్వాత బిందెలో గుడ్డ ముంచిన చప్పుడు వినిపించింది.

“ఎవురన్నా వస్తాండారా?” అని అడిగాడు.

“లేదు.”

గుడ్డ పిండాడు. తలుపు మీద నీళ్లు జారాయి.

వీధి మొదట్లో ఒక మనిషి సైకిలు దిగాడు. దాన్ని గోడకు ఆనించి, మా ఇంటి వైపు తిరిగి నిలబడి బీడీ ముట్టించుకున్నాడు. నేనెప్పుడూ చూసిన మనిషి కాదు. భుజాన కండువా ఉంది. దాని కింద చెయ్యి కనబడడం లేదు.

“ఎవురన్నా ఉండారా?” అని మళ్లీ అడిగాడు ఆయన.

నేను ఆ మనిషి మీదినుంచి చూపు తిప్పలేదు. చాట కింద పెట్టి లేచి ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. నా వెనక ఆయన వంగి ఉన్నాడు, గుడ్డ పైనుంచి కిందికి సాగుతున్న చప్పుడు వినబడుతోంది.

“ఎవరూ లేరు,” అన్నాను. “కింద ఇంకా మన్నుండాది. కడగండి.”